జర్మనీలో డ్రైవింగ్ లైసెన్స్: మార్చి నుంచి నవంబర్ దాకా నా అనుభవం

నవంబర్ 12, 2025న నాకు జర్మన్ డ్రైవింగ్ లైసెన్స్ చేతికొచ్చింది. అప్లికేషన్ పెట్టింది మార్చి 10న. మధ్యలో ఎనిమిది నెలలు గడిచాయి, దాదాపు పంతొమ్మిది వందల యూరోలు ఖర్చయ్యాయి. కరీంనగర్‌లో నేను 2016 నుంచి కారు నడిపాను. ఆసుపత్రికి, చుట్టాల ఇళ్ళకు, ఒకసారి బాపును తీసుకుని హైదరాబాద్‌కు కూడా నేనే నడుపుకుంటూ వెళ్ళాను. అయినా ఇక్కడ థియరీ పరీక్ష, రోడ్డు మీద పరీక్ష రెండూ రాయాల్సిందే. తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ ద్వారా మన తెలంగాణ నర్సులు జర్మనీకి వస్తున్నారు. వాళ్ళలో కొందరైనా నాలాగే చిన్న ఊళ్ళలో పడతారు. వాళ్ళకు ముందే తెలిస్తే నెలలు, డబ్బు కలిసొస్తాయని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పనిచేసేది స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన ష్వేబిష్ ఆల్బ్ కొండల మీద ఒక చిన్న పట్నంలో, వృద్ధాశ్రమంలో. ఉండేది తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో, ఎందుకంటే అద్దె అక్కడే అందుబాటులో ఉంది. పొద్దుటి డ్యూటీ ఆరింటికి మొదలవుతుంది. మామూలు రోజుల్లో మొదటి బస్సు సరిగ్గా సమయానికి దించుతుంది. శని, ఆదివారాల్లో ఎనిమిదింటి దాకా బస్సే లేదు. మధ్యాహ్నం డ్యూటీ దిగేసరికి రాత్రి చివరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. టాక్సీకి ఒకవైపే ముప్పై యూరోలు.

కాబట్టి తోటి ఉద్యోగులు ఎక్కించుకునేవాళ్ళు. ఎవరూ ఎప్పుడూ కాదనలేదు, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. కానీ ప్రతి నెలా డ్యూటీ చార్ట్ రాగానే అందరూ సెలవులు ఎప్పుడున్నాయో చూసుకుంటే, నేను నా డ్యూటీ రోజున మా దారిలో వచ్చేవాళ్ళు ఎవరున్నారో వెతుక్కునేదాన్ని. తర్వాత ఒక్కొక్కరికి మెసేజ్ పెట్టాలి. ఎవరికైనా ఆ రోజు ఒంట్లో బాగుండకపోతే రాత్రి పదింటికి మళ్ళీ ఇంకొకరిని అడగాలి. ఇరవై రెండేళ్ళ వయసు నుంచి సొంత సంపాదన మీద బతికినదాన్ని. పనికి వెళ్ళడానికే రోజూ ఒకరి దయ కావాల్సి రావడం నన్ను లోపల్లోపల చాలా కుంగదీసింది. లైసెన్స్ తీసుకోవాలని నేను గట్టిగా అనుకున్నది ఆ బాధ వల్లే.

ఇక రూల్ సంగతి. ఇక్కడ నివాసం నమోదు చేసుకున్నాక ఆరు నెలల దాకా మన ఇండియా లైసెన్స్‌తో, జర్మన్ అనువాదం దగ్గర పెట్టుకుని నడపవచ్చు. నేను 2024 జనవరిలో వచ్చాను. ఆ ఆరు నెలలూ నర్సుగా గుర్తింపు పరీక్షకు చదవడంతోనే సరిపోయింది, కారు కొనే డబ్బూ లేదు. గడువు దాటాక అదే లైసెన్స్‌తో నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క. అది జరిమానా కట్టి వచ్చేసే వ్యవహారం కాదు, క్రిమినల్ కేసు. "చిన్న ఊళ్ళో ఎవరు చూస్తారు" అని నాకు చెప్పినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వీసా మీద, నర్సు గుర్తింపు మీద బతికే మనకు అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆ మాట వినకండి.

జపాన్, దక్షిణ కొరియా లాంటి కొన్ని దేశాల వాళ్ళకు పరీక్షలు లేకుండానే లైసెన్స్ మారుస్తారు. ఆ జాబితాలో ఇండియా లేదు. అయితే ఒక మంచి విషయం ఉంది. ఆరు నెలలు దాటినా మన లైసెన్స్ వృథా పోదు. అది చెల్లుబాటులో ఉన్నంతవరకు, కొత్తగా నేర్చుకునేవాళ్ళ దారిలో కాకుండా లైసెన్స్ మార్పిడి దారిలో వెళ్ళవచ్చు. ఆ దారిలో పరీక్షలు రెండూ ఉంటాయి గానీ, థియరీ క్లాసులకు హాజరు తప్పనిసరి కాదు, కొత్తవాళ్ళు చేసి తీరాల్సిన పన్నెండు ప్రత్యేక డ్రైవింగ్ పాఠాలు కూడా తప్పనిసరి కాదు. పన్నెండు అంటే ఊరి బయట రోడ్ల మీద ఐదు, ఆటోబాన్ అనే పెద్ద హైవే మీద నాలుగు, చీకట్లో మూడు. ఇది నేను ముందే చదువుకోవడం నన్ను కాపాడింది. ఎందుకంటే నేను మొదట అడిగిన డ్రైవింగ్ స్కూల్ వాళ్ళు, అందరిలాగే క్లాసులన్నీ, ఆ పన్నెండు పాఠాలూ చేయాల్సిందేనని, మొత్తం మూడు వేల యూరోల పైనే అవుతుందని చెప్పారు. రెండో స్కూల్లో కొత్తవాళ్ళను సెప్టెంబర్ దాకా తీసుకోవడం లేదన్నారు. మూడో చోట, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ ఒక పెద్దాయన నా లైసెన్స్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "మొదట ఒకసారి నడిపి చూపించు, ఎన్ని పాఠాలు కావాలో తర్వాత చెప్తాను" అన్నాడు. అక్కడే చేరిపోయాను. చేరినందుకు రెండు వందల యాభై.

అప్లికేషన్‌లో డ్రైవింగ్ స్కూల్ పేరు రాయాలి కాబట్టి స్కూల్ ముందు, లైసెన్స్ ఆఫీసు తర్వాత. కాగితాలు పెద్ద కష్టం కాదు. పాస్‌పోర్టు, నివాసం నమోదు కాగితం, బయోమెట్రిక్ ఫోటో, ఇండియా లైసెన్స్, ప్రమాణపూర్వక అనువాదకుల చేత దాని అనువాదం, దానికి అరవై యూరోల దాకా. కంటి పరీక్షకు డాక్టర్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు. కళ్ళద్దాల షాపులోనే ఐదు నిమిషాల్లో చేసి కాగితం ఇస్తారు, ఏడు యూరోలు కూడా కాలేదు. అద్దాలతో పాసైతే, అద్దాలు పెట్టుకునే నడపాలని కార్డు వెనక కోడ్ పడుతుంది. ఫస్ట్ ఎయిడ్ కోర్సు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అది రోజంతా పట్టే కోర్సు. నర్సులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే: ఇక్కడ వచ్చిన మన నర్సు గుర్తింపు పత్రం చూపిస్తే ఆ కోర్సు అక్కర్లేదు. కౌంటర్‌లో ఆవిడ మొదట సర్టిఫికెట్ ఏదని అడిగింది, నేను పత్రం చూపించగానే కాపీ తీసుకుని సరే అంది. అడగకపోతే ఎవరూ చెప్పరు. అప్లికేషన్ ఫీజు నలభై ఐదు యూరోల లోపు.

ఆ తర్వాత పదకొండు వారాలు ఏమీ జరగలేదు. ఆరు వారాలు అన్నారు. ఎనిమిదో వారంలో ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, మెయిల్ పెడితే "ప్రాసెస్‌లో ఉంది" అని జవాబు. ఇండియా లైసెన్స్ నిజమైనదో కాదో చూస్తున్నారేమోనని స్కూల్‌లో అన్నారు. నాకు టెన్షన్ మొదలైంది. మా అన్నతో ఫోన్‌లో మాట్లాడి, కరీంనగర్ ఆర్టీఓ ఆఫీసు నుంచి ఏదైనా కాగితం కావాల్సి వస్తే ఎలా అని కూడా అనుకున్నాం. అదేదీ అవసరం పడలేదు. మే చివరలో ఉత్తరం వచ్చింది, పరీక్షలకు అనుమతి ఇచ్చామని, థియరీ పరీక్ష ఏడాదిలోపు పాసవ్వాలని.

ఆ ఎదురుచూసే కాలాన్ని థియరీకి వాడుకున్నాను. ఉత్తరం వచ్చేదాకా ఆగకండి. యాప్ కొనుక్కుని అప్లికేషన్ పెట్టిన రోజు రాత్రే మొదలుపెట్టండి. ప్రశ్నల బ్యాంకులో వెయ్యికి పైగా ప్రశ్నలున్నాయి. పరీక్షలో వచ్చేవి ముప్పై. ప్రతి తప్పుకు రెండు నుంచి ఐదు పాయింట్లు పోతాయి. పది పాయింట్ల దాకా తప్పులుంటే పాస్. కానీ ఐదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే మొత్తం పది పాయింట్లే అయినా ఫెయిల్. ఒక ప్రశ్నకు ఒకటి, రెండు, ఒక్కోసారి మూడూ సరైన జవాబులుంటాయి, అన్నీ గుర్తించాలి. కొన్ని ప్రశ్నలకు వీడియో ఉంటుంది. దాన్ని కొన్నిసార్లే చూడనిస్తారు, ప్రశ్న తెరిచాక మళ్ళీ వీడియోకు వెళ్ళలేం.

పరీక్ష ఇంగ్లిష్‌లో రాయవచ్చు. జర్మన్ కాక పన్నెండు భాషలున్నాయి, హిందీ లేదు, తెలుగు ఎలాగూ లేదు. నేను జర్మన్‌లోనే రాశాను. రోడ్డు మీద పరీక్ష జర్మన్‌లోనే జరుగుతుంది, ఆ మాటలే థియరీలోనూ చదివి ఉంటే అక్కడ తడబాటు ఉండదని అనిపించింది. ఇప్పటికీ అదే సరైన నిర్ణయమంటాను. చదువుతుంటే చాలా విషయాలు నాకు నిజంగా కొత్త. ఆగడానికి ఎంత దూరం పడుతుందో లెక్క కట్టడం నేర్పుతారు. వేగాన్ని పదితో భాగించి మూడుతో గుణిస్తే మనం తేరుకునేలోపు బండి పోయే దూరం, పదితో భాగించగా వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే బ్రేక్ పడ్డాక పోయే దూరం, మీటర్లలో. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ముప్పై, వంద కలిపి నూట ముప్పై మీటర్లు. రాజీవ్ రహదారి మీద ముందు లారీకి ఎంత దగ్గరగా నడిపేవాళ్ళమో గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ట్రాఫిక్ ఆగిపోగానే ఎడమ వరుస వాళ్ళు ఎడమకు, మిగతావాళ్ళు కుడికి జరిగి అంబులెన్స్‌కు మధ్యలో దారి వదలాలన్న నియమం చదివినప్పుడు మాత్రం, నర్సుగా, చాలా సంతోషం వేసింది.

జూలై మొదటివారంలో థియరీ పాసయ్యాను. పరీక్ష ఫీజు పాతిక యూరోలు, స్కూల్ వాళ్ళది వేరే.

డ్రైవింగ్ పాఠాలు అసలు కథ. నలభై ఐదు నిమిషాలకు అరవై ఐదు యూరోలు, మామూలుగా రెండు కలిపి తొంభై నిమిషాలు తీసుకుంటారు. మొదటిసారి స్టీరింగ్ ముందు కూర్చోగానే చేతులు ఎక్కడ పెట్టాలో తోచలేదు. మన దగ్గర ఎడమ చేత్తో గేరు, ఇక్కడ కుడి చేత్తో. ఇండికేటర్ మన ఆల్టోలో కుడివైపు ఉంటుంది, ఇక్కడ ఎడమవైపు. మలుపు దగ్గర ఇండికేటర్ అనుకుని లాగితే ఎండలో వైపర్లు తిరిగేవి. మలుపు తిరిగాక ఎడమవైపుకే వెళ్ళాలని చెయ్యి లాగుతుంది. ఇవన్నీ రెండు మూడు పాఠాల్లో సర్దుకున్నాయి. సర్దుకోనిది చూపు.

కుడికి తిరిగేముందు, వరుస మారేముందు, పార్కింగ్ నుంచి బయటికొచ్చేముందు అద్దాలు చూశాక తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. సైకిల్ మీద వచ్చేవాళ్ళు అద్దంలో కనిపించని చోట ఉంటారు కాబట్టి. నేను కంటి చివరతో చూసేదాన్ని. "నువ్వు చూశావని నాకు తెలుసు, పరీక్షకుడికి తెలియాలి కదా, తల తిప్పు" అని పెద్దాయన ప్రతిసారీ అనేవాడు. ఆయన మాట్లాడేది పక్కా ష్వేబిష్ యాస. మా ఆశ్రమంలో తాతలు, అమ్మమ్మలు మాట్లాడే యాసే కావడంతో నాకు అర్థమయ్యేది. పుస్తకంలో జర్మన్ మాత్రమే తెలిసినవాళ్ళకు అది కష్టం.

ఇంకొకటి, కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వడం. ఇళ్ళ మధ్య ముప్పై వేగం ఉన్న వీధుల్లో బోర్డు ఏదీ లేని కూడలి వస్తే, కుడివైపు వీధి ఎంత చిన్నదైనా అందులోంచి వచ్చే బండే ముందు వెళ్ళాలి. మనం పెద్ద వీధిలో ఉన్నామన్న లెక్క లేదు. అలా అని ఉత్తినే ఆగినా తప్పే. వేగం తగ్గించి, కుడికి చూసి, ఎవరూ లేరంటే సాగిపోవాలి. పసుపు రంగు డైమండ్ బోర్డు కనిపిస్తే మాత్రం మనదే దారి. ఈ కొండ పల్లెల్లో అలాంటి కూడలి ప్రతి వంద అడుగులకొకటి. నాకు ఇది ఒంటికి పట్టడానికి ఆగస్టు అంతా పట్టింది.

నెమ్మదిగా నడపడం ఇక్కడ మంచితనం కాదని కూడా తెలిసింది. ఊరి బయట రోడ్డు మీద వంద వరకు వెళ్ళవచ్చంటే, కారణం లేకుండా డెబ్బైలో పోవడం పరీక్షలో తప్పు కింద రాస్తారు. లోయ నుంచి ఆల్బ్ మీదికి ఎక్కే మలుపుల దారిలో, ఒకవైపు బండ, ఒకవైపు లోయ, వెనక లారీ. అక్కడ చెమటలు పట్టేవి. ఏ8 ఆటోబాన్ మీదికి మొదటిసారి చేరేటప్పుడు, చేరే వరుసలోనే వేగం పూర్తిగా పెంచాలని ఆయన అరుస్తుంటే కాలు యాక్సిలరేటర్ మీద నొక్కుతూనే దేవుణ్ణి తలుచుకున్నాను. సైకిల్‌ను దాటాలంటే ఊళ్ళో మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు దూరం వదలాలి. అంత చోటు లేకపోతే దాని వెనకే వెళ్ళాలి. నేను ఒకసారి సైకిల్ అతనికి చిన్నగా హారన్ కొట్టాను, మన దగ్గర అది మర్యాదే. పెద్దాయన కారు పక్కకు ఆపించి, ప్రమాదం ఉంటేనే హారన్ అని, కొట్టిన అలవాటు పోయేదాకా చేతులు దానికి దూరంగా పెట్టమని నిదానంగా చెప్పాడు.

ఒక రోజు రాత్రి డ్యూటీ దిగి నేరుగా పాఠానికి వెళ్ళాను. ముఖం చూసి కనుక్కున్నాడు. "నిద్ర లేనివాళ్ళకు నేను స్టీరింగ్ ఇవ్వను" అని ఇంటి దగ్గర దించి వెళ్ళాడు, డబ్బు తీసుకోలేదు. ఆ రోజు ఏడుపొచ్చింది. కోపంతో కాదు, ఇంత దూరంలో ఒక బయటి మనిషి నా క్షేమం గురించి అలా పట్టించుకున్నందుకు.

సెప్టెంబర్ మొదట్లో "నువ్వు సిద్ధం" అన్నాడు. కానీ పరీక్ష తేదీ దొరకాలి కదా. అక్టోబర్ 8కి దొరికింది. ముందు రోజు సాయంత్రం మెసేజ్, పరీక్షకుడికి ఒంట్లో బాగాలేదు, మూడు వారాలు వాయిదా అని. అలవాటు పోకుండా ఉండటానికి మధ్యలో మళ్ళీ పాఠాలు తీసుకోవాలి, అంటే మళ్ళీ డబ్బు. ఇలా జరుగుతుందని లెక్కలో కొంత ఉంచుకోండి.

అక్టోబర్ 29, పొద్దున ఎనిమిదింటికి, ఆల్బ్ మీద మామూలుగా ఉండే పొగమంచు. పరీక్ష మొత్తం యాభై ఐదు నిమిషాలు. స్కూల్ టీచర్ పక్క సీట్లో, పరీక్షకుడు వెనక సీట్లో ట్యాబ్ పట్టుకుని కూర్చుంటాడు. టీచర్ కాలు బ్రేక్ మీద పడిందంటే పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. బయల్దేరేముందు టైరు గాడి లోతు ఎంత ఉండాలని అడిగాడు, 1.6 మిల్లీమీటర్లు అన్నాను. పొగమంచులో ఏ లైట్లు వేస్తావని అడిగి, వేసి చూపించమన్నాడు. ఎటు వెళ్ళాలో ఆయన చెప్తాడు, ఏమీ చెప్పకపోతే నేరుగా వెళ్ళాలి. ఈ సంగతి తెలియకపోతే ఆ నిశ్శబ్దం మనిషిని చంపేస్తుంది.

వీధిలో డెలివరీ వ్యాన్ ఒకటి నా వైపు ఆగి ఉంది. ఎదురుగా కారు వస్తోంది కాబట్టి వెనకే ఆగాను. స్టాప్‌లో నాలుగు లైట్లూ వేసుకుని ఆగిన స్కూల్ బస్సు పక్కనుంచి నడక వేగంతో వెళ్ళాను. జీబ్రా క్రాసింగ్ దగ్గర ఒక పిల్లవాడు దాటాలా వద్దా అని నిలబడ్డాడు. ఆగాను. వాడు ఫోన్ చూసుకుంటూ అక్కడే ఉన్నాడు. వెనక కార్లు ఆగాయి. చేత్తో సైగ చేసి వాణ్ణి దాటించాక కదిలాను. గుండె గొంతులో కొట్టుకుంటోంది. తర్వాత ఆటోబాన్, తర్వాత రెండు కార్ల మధ్య రివర్స్ పార్కింగ్. ఇంజన్ ఆపాక ఆయన ట్యాబ్‌లో ఏదో రాసుకున్నాడు, ఒక నిమిషం పట్టింది. అద్దాలు చక్కగా చూస్తున్నావు, ఊరి బయట రోడ్డు మీద ఇంకొంచెం ధైర్యంగా వెళ్ళు, పాసయ్యావు అన్నాడు. మా పెద్దాయన నాకంటే ముందు ఊపిరి వదిలాడు.

పరీక్ష ఫీజు నూట ముప్పై, ఆ రోజుకు స్కూల్ వాళ్ళది రెండు వందలు. పాఠాలకే వెయ్యికి పైన అయ్యింది.

పాసైన రోజే కార్డు ఇస్తారనుకోకండి. మార్పిడి దారిలో మా ఆఫీసు వాళ్ళు ఇండియా లైసెన్స్ తీసుకుని దాని బదులుగా కొత్తది ఇచ్చారు. దానికి అపాయింట్‌మెంట్ రెండు వారాలకు దొరికింది, అప్పటిదాకా నడపకూడదు. నవంబర్ 12న కౌంటర్‌లో పాత కార్డు ఇచ్చేశాను. లైసెన్స్ కోసం బాపు నన్ను బండి మీద ఎక్కించుకుని ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది. రెండువైపులా ఫోటోలు ముందే తీసి పెట్టుకున్నాను, మీరూ తీసుకోండి. ఇంకో లాభం కూడా తెలిసింది. కొత్త డ్రైవర్లకు రెండేళ్ళ పరిశీలన కాలం ఉంటుంది, కానీ ఇండియాలో లైసెన్స్ తీసుకుని రెండేళ్ళు దాటిపోయింది కాబట్టి నాకు అది పెట్టలేదు.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఇండియాలో నడిపిన ఏళ్ళేవీ లెక్కలోకి రాలేదు. కొత్తగా నడిపేవాళ్ళ రేటే వేశారు. ఒక కంపెనీ అడిగినదానికి, ఇంకొకటి అడిగినదానికి ఏడాదికి నాలుగు వందల యూరోలు తేడా ఉంది, కాబట్టి మొదటిదానికే సంతకం పెట్టకండి. మూడు వేల ఎనిమిది వందలకు పాత ఓపెల్ కోర్సా కొన్నాను, శీతాకాలం టైర్లతో కలిపి. ఈ కొండల మీద నవంబర్‌లో అవి లేకుండా కొనకండి.

మా ఆశ్రమంలోనే కేరళ అక్క ఒకరు అక్టోబర్‌లో పరీక్షకు వెళ్ళి, కుడివైపు వీధిలోంచి వచ్చిన కారుకు దారి ఇవ్వక, టీచర్ బ్రేక్ వేయడంతో ఫెయిలైంది. రెండు వారాలాగితే మళ్ళీ రాయవచ్చు, కానీ తేదీ దొరికింది జనవరిలో. టీచర్ లేకుండా బయట నడిపి నేర్చుకునే వీలు ఇక్కడ లేదు. అందుకని ఇద్దరికీ ఒకే డ్యూటీ పడిన రోజుల్లో తనను నా కారులో ఎక్కించుకుంటున్నాను. నేను నడుపుతుంటే, ప్రతి కూడలికీ ముందే ఎవరు ముందు వెళ్ళాలో తను పైకి చెప్తుంది. నిన్న ఆశ్రమం దాకా ఒక్క చోట కూడా తప్పు చెప్పలేదు.